ఫొటో వెనక రాయని పేరు

అమ్మ పోయాక ఆమె ట్రంకు పెట్టె సర్దుతుంటే అడుగున పాత తువ్వాల్లో చుట్టిపెట్టిన ఫొటో ఒకటి దొరికింది. ఫ్రేము కట్టించిన నలుపు తెలుపు ఫొటో. స్టూడియోలో తీయించుకున్నది. అందులో ఇద్దరు అమ్మాయిలు నిలబడి ఉన్నారు. ఒకరు అమ్మ. పద్దెనిమిదేళ్లుంటాయేమో. చేతికి గడియారం ఉంది. అది తనది కాదనీ, ఫొటో కోసం అడిగి పెట్టుకున్నాననీ ఎప్పుడో నవ్వుతూ చెప్పింది. పక్కనున్న అమ్మాయి ఎవరో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఫ్రేము విప్పి వెనక్కి తిప్పితే స్టూడియో రబ్బరు స్టాంపు తప్ప ఇంకేమీ లేదు.

పాత సామాన్లు కొనే ఆయనకు చూపిస్తే, "ఫ్రేముకైతే ఏమన్నా ఇస్తానమ్మా, ఫొటో నేనేం చేసుకోను" అన్నాడు. ఆయన మాటలో తప్పేం లేదు. ఆయన లెక్క ఆయనది. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. అసలు ఒక ఫొటోకి వెల ఎలా కడతారు? ఎవరు కడతారు? దేన్ని చూసి కడతారు? ఆ వెతుకులాటలో నాకు ఎదురైంది డోవీమా. ఆమె కూడా తనది కాని వస్తువు ఒంటిమీద పెట్టుకుని కెమెరా ముందు నిలబడిన మనిషే.

2010 నవంబర్ 20న పారిస్‌లో క్రిస్టీస్ సంస్థ రిచర్డ్ ఎవెడాన్ తీసిన 65 ఫొటోలు వేలం వేసింది. ఎవెడాన్ (1923-2004) అమెరికన్ ఫొటోగ్రాఫర్. ఫ్యాషన్ ఫొటోని పత్రిక పేజీ మీంచి మ్యూజియం గోడ మీదకి తీసుకెళ్లినవాళ్లలో ముందువరసలో ఉంటాడు. ఆ వేలంలో ఒక ఫొటో 8,41,000 యూరోలకు పోయింది. డాలర్లలో అయితే పదకొండు లక్షల పైమాటే. ఎవెడాన్ ఫొటోల్లో అప్పటికి అదే అత్యధిక ధర. ఆ ఫొటో పేరు 'ఏనుగులతో డోవీమా'. పేరులో అంతటితో ఆగలేదు. దియోర్ వారి సాయంకాలపు గౌను, సిర్క్ దివేర్, పారిస్, 1955 ఆగస్టు అని కూడా ఉంటుంది. సిర్క్ దివేర్ అంటే పారిస్‌లోని పాత సర్కస్ భవనం.

ఆ బొమ్మ చాలామంది ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. పొడుగాటి స్త్రీ. నేల దాకా జారిన నల్ల వెల్వెట్ గౌను. నడుము దగ్గర్నుంచి కిందికి దిగిన తెల్లటి శాటిన్ పట్టీ. ఆమెకు అటూ ఇటూ ఏనుగులు. వాటి చర్మం నిండా ముడతలు. ఆమె మెడలోగాని, చేతుల్లోగాని ఒక్క ముడత లేదు. ఒక చేయి ఒక ఏనుగుని తాకుతూ ఉంటే రెండో చేయి ఇంకో ఏనుగు వైపు చాచి ఉంటుంది. ముఖం పక్కకి తిరిగి ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు మనం ఆమెనే చూస్తాం. రెండోసారి చూస్తే ఏనుగు కాలికి గొలుసు కనిపిస్తుంది. నేనైతే ఆ గొలుసు చూశాక ఆ ఫొటోని మళ్లీ మొదట్లోలా చూడలేకపోయాను.

ఆమె అసలు పేరు డొరోతీ వర్జీనియా మార్గరెట్ జుబా. 1927లో న్యూయార్కులో పుట్టింది. తండ్రి పోలీసు. పదేళ్ల వయసులో రుమాటిక్ జ్వరం వచ్చి ఏళ్ల తరబడి మంచం మీదే గడిపింది. బడి లేదు, స్నేహితులు లేరు. మంచంలో పడుకుని బొమ్మలు గీసుకునేది. ఊహల్లో ఒక నేస్తాన్ని సృష్టించుకుని, తన మూడు పేర్లలోంచి మొదటి అక్షరాలు తీసి ఆ నేస్తానికి డోవీమా అని పేరు పెట్టింది. మోడల్ అయ్యాక ఆ పేరే తనకు పెట్టుకుంది. ఒంటరి పిల్ల తోడు కోసం అల్లుకున్న పేరు ఇవాళ మ్యూజియం గోడల మీద ఉంది.

1949లో న్యూయార్కు వీధిలో 'వోగ్' పత్రిక వాళ్ల కంట్లో పడింది. మర్నాడే ఇర్వింగ్ పెన్ అనే పెద్ద ఫొటోగ్రాఫర్ ముందు నిలబడింది. చిన్నప్పుడు ముందు పన్ను విరిగిందట. అది కనబడకుండా పెదవులు మూసుకునే ఉండేది. లోకం దాన్ని అందని రాజసం అనుకుంది. కొన్నేళ్లలోనే గంటకి 60 డాలర్లు తీసుకునే స్థాయికి చేరింది. నిమిషానికి డాలరు పిల్ల అని ఆమెకు పేరు. తోటి మోడళ్లలో చాలామందికి అందులో సగం కూడా దక్కని రోజులవి. ఆమె ఎప్పుడూ కామిక్ పుస్తకాలు చదువుకుంటుందని ఫ్యాషన్ లోకం చాటుగా నవ్వుకునేది. బాల్యమంతా మంచం మీద పోగొట్టుకున్న పిల్ల బొమ్మల పుస్తకాలు పట్టుకు తిరగడంలో నవ్వడానికి ఏముందో నాకైతే అర్థం కాలేదు. అందమైన ఆడదానికి బుర్ర ఉండదన్న జోకు ఏ దేశంలోనైనా ఒకేలా పేలుతుంది కాబోలు.

ఫొటో తీసింది ఆగస్టులో. శీతాకాలానికి అమ్మే బట్టలకి వేసవిలోనే ఫొటోలు తీస్తారు. ఆగస్టులో వెల్వెట్ గౌను వేసుకుని, గొలుసు కట్టిన ఏనుగుల మధ్య, ఒళ్లు విల్లులా వంచి, ముఖంలో కష్టం కనబడకుండా నిలబడటం శ్రమ. దాన్ని శ్రమ అని గుర్తించకపోవడమే ఆ వృత్తి మొదటి షరతు. కష్టపడినట్టు కనిపిస్తే ఆ ఫొటో పనికిరాదు. ఇంట్లో ఆడవాళ్ల పని గురించి మనం ఇన్నేళ్లుగా అంటున్నదీ ఇదే కదా. చక్కగా చేస్తే కనబడదు, చేయకపోతేనే కనబడుతుంది.

ఆ గౌను వెనక ఇంకో చరిత్ర ఉంది. క్రిస్టియన్ దియోర్ 1947లో తన మొదటి ప్రదర్శన పెట్టాడు. నడుము బిగించి, కింద గజాల కొద్దీ గుడ్డ పరిచిన ఆ బట్టల్ని 'హార్పర్స్ బజార్' సంపాదకురాలు కార్మెల్ స్నో 'న్యూ లుక్' అంది. యుద్ధకాలంలో ఫ్యాక్టరీల్లోకీ, దఫ్తర్లలోకీ వెళ్లిన స్త్రీలని మళ్లీ బిగుతు నడుముల్లోకి పంపే బట్టలవి. ఇంకా గుడ్డకి రేషన్ ఉన్న రోజులు. అదే ఏడాది పారిస్‌లో ర్యూ లెపిక్ అనే మామూలు జనం మసలే వీధిలో ఈ బట్టలతో ఫొటోలు తీస్తుంటే అక్కడి ఆడవాళ్లు మోడల్ మీద పడి గౌను చింపేశారు. వాళ్ల కోపంలో న్యాయముంది. కానీ దెబ్బ తగిలింది ఎవరికి? దియోర్‌కి కాదు, ఆ రోజు కూలికి ఆ గౌను తొడుక్కున్న అమ్మాయికి.

డోవీమా వేసుకున్న గౌను గీసింది దియోర్ కాదు. ఆయన దగ్గర 1955లో కొత్తగా చేరిన 19 ఏళ్ల ఇవ్ సాఁ లోరాఁ. తర్వాత అతనెంత పెద్దవాడయ్యాడో తెలిసిందే. అందుకే ఇవాళ ఫొటో గురించి రాసినప్పుడు అతని పేరు కూడా రాస్తారు. మరి కుట్టింది? పారిస్ కుట్టు గదుల్లో పనిచేసే స్త్రీలని 'పెతిత్ మాఁ' అంటారు. చిన్న చేతులు అని అర్థం. ఎంత ముద్దుగా ఉందో చూడండి ఆ పేరు! మనిషి మొత్తంలోంచి చేతులు మాత్రం వేరుచేసి తీసుకున్నారు. ఆ గౌను కుట్టిన చేతులు ఎవరివో ఏ వేలం పుస్తకమూ అడగదు.

ఇక వెల సంగతి. నలుపు తెలుపు ఫొటోకి వెల కట్టేవాళ్లు కొన్ని ప్రశ్నలు వేసుకుంటారు. తీసింది ఎవరు? నెగటివ్ ఎప్పటిది? ప్రింటు ఎప్పటిది? ఈ రెండూ ఒకటి కాదు. ఫొటో తీసిన రోజుల్లోనే వేసిన ప్రింటుకి మామూలుగా విలువెక్కువ. ఫొటోగ్రాఫర్ స్వయంగా వేశాడా, తన కళ్లముందు వేయించాడా, లేక ఆయన పోయాక వేరేవాళ్లు వేశారా? వెనక సంతకం ఉందా, స్టాంపు ఉందా, ఎన్ని కాపీల్లో ఇది ఎన్నోది? ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వచ్చింది? ఏ ప్రదర్శనలో పెట్టారు? మరకలున్నాయా, మడతలున్నాయా, అంచులు చిరిగాయా?

కాగితం కూడా సాక్ష్యం చెబుతుంది. 1950ల మధ్య నుంచి ఫొటో కాగితంలో తెల్లదనం కోసం మెరుపు రసాయనాలు కలపడం మొదలుపెట్టారు. అతినీలలోహిత దీపం కింద పెడితే అలాంటి కాగితం నీలంగా వెలుగుతుంది. కార్ఖానాల్లో పనిచేసే పిల్లల్ని ఫొటోలు తీసి లోకానికి చూపిన లూయిస్ హైన్ 1940లో చనిపోయాడు. ఆయన కాలంలో వేసినవని అమ్మిన కొన్ని ప్రింట్లలో ఈ మెరుపు బయటపడి 1990ల చివర్లో పెద్ద గొడవైంది. నూలుమిల్లులో నిలబడ్డ చిన్నపిల్ల బొమ్మకి కూడా దొంగ పాతదనం అద్ది అమ్ముకునేంత డబ్బు ఈ వ్యాపారంలోకి వచ్చిందన్నమాట.

డోవీమా ఫొటో విషయంలో అమ్ముడైన ప్రింటు 1955 నాటిది కాదు. 1978లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఎవెడాన్ ప్రదర్శన పెట్టినప్పుడు దాని కోసం వేసింది. దాదాపు ఏడడుగుల ఎత్తు, అయిదున్నర అడుగుల వెడల్పు. ఆ పరిమాణమూ, ఆ ప్రదర్శనా, అది స్వయంగా ఫొటోగ్రాఫర్ దగ్గరే ఉండటమూ కలిసి దాని ధరని అంత ఎత్తుకి తీసుకెళ్లాయి. వేలంలో వచ్చిన డబ్బు ఎవెడాన్ పేరిట ఉన్న ఫౌండేషన్‌కి వెళ్లింది. ఫొటో దియోర్ సంస్థకి వెళ్లింది. తీసినవాడికి దక్కవలసింది ఆయన సంస్థకి దక్కింది. గౌను అమ్మినవాళ్లకి గౌను చరిత్ర దక్కింది. ఈ లావాదేవీలో డోవీమాది ఎక్కడా పాత్ర లేదు. ఫొటో పేరులో మొదటి మాట మాత్రం ఆమెదే.

చట్టప్రకారం ఇందులో అన్యాయమేమీ జరగలేదు. గంటకి ఇంత అని మాట్లాడుకున్నారు, ఇచ్చారు, అయిపోయింది. బొమ్మ తిరిగి అమ్ముడైన ప్రతిసారీ కళాకారుడికి వాటా ఇవ్వాలని ఫ్రాన్స్ 1920లోనే చట్టం చేసింది. కడుపు కాలి బొమ్మలు అమ్ముకున్న చిత్రకారుల కుటుంబాలు తర్వాత వచ్చిన లక్షలు చూసి ఊరుకోవలసి రావడం అన్యాయమని వాళ్లకి అనిపించింది. మంచి చట్టమే. కానీ బొమ్మలోని మనిషికి వాటా ఉండొచ్చన్న ఊహ అందులోకి రాలేదు. వెల కట్టేవాళ్ల ప్రశ్నల్లో అంచు చిరుగులకి స్థానముంది, నిలబడ్డ మనిషి నేర్పుకి లేదు. ఆ పట్టీ గాలికి ఎడమవైపు ఎగిరినట్టు పెట్టి ఉండాల్సిందని, అలా పెట్టకపోవడం తన లోపమేనని ఎవెడాన్ తర్వాత చాలాకాలం బాధపడ్డాడు. గుడ్డ తప్పిందని ఆయన అనుకున్నాడు. మనిషి తప్పలేదు. ఆ ఫొటోలో ఎవరి పని ఎక్కడా తప్పలేదంటే అది ఆమెదే.

తర్వాత ఆమె ఏమైంది? 1957లో వచ్చిన 'ఫన్నీ ఫేస్' సినిమాలో ఒక మోడల్‌గా చిన్న వేషం వేసింది. ఆ సినిమాలో ఫొటోగ్రాఫర్ పాత్రకి మూలం ఎవెడాన్. ఆ పాత్ర కథానాయకుడిది. 1960ల మొదట్లో, కెమెరా ఇంకా తనని కోరుకుంటున్నప్పుడే, మోడలింగ్ మానేసింది. పెళ్లిళ్లు నిలబడలేదు. సంపాదించింది చేతిలో మిగల్లేదు. చివరి ఏళ్లు ఫ్లోరిడాలో గడిపింది. ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ఒక పిజ్జా హోటల్లో వచ్చినవాళ్లని పలకరించి కూర్చోబెట్టే ఉద్యోగం చేసింది. 1990లో, 62 ఏళ్ల వయసులో కేన్సర్‌తో చనిపోయింది.

ఆమె హోటల్లో పనిచేయడాన్ని చాలామంది పతనంలా రాస్తారు. ఆ ధోరణితో నాకు పేచీ ఉంది. కష్టపడి బతకడం పతనమెలా అవుతుంది? ఏనుగుల మధ్య నిలబడటం కూలీ అయితే బల్లల మధ్య నిలబడటమూ కూలీయే. తేడా ఒకటే. మొదటి పని తాలూకు ఫలితం రోజురోజుకీ ఖరీదెక్కుతూ పోయింది, ఆమెకి సంబంధం లేకుండా.

ఇప్పుడు భద్రపరచడం గురించి. వెల కట్టడం కంటే ఇది మనకి దగ్గరి విషయం. ఎందుకంటే ఆ లక్షల ఫొటో, మా అమ్మ ట్రంకులోని ఫొటో ఒకే పదార్థం. రెండూ జెలటిన్ సిల్వర్ ప్రింట్లే. కాగితం, దానిమీద బేరియం పూత, ఆపైన జెలటిన్ పొర, అందులో వెండి రేణువులు. జెలటిన్ పశువుల ఎముకల నుంచీ, తోళ్ల నుంచీ తీస్తారు. మన ఇళ్లలో గోడకి వేలాడే ఇలాంటి ప్రతి పాత నలుపు తెలుపు ఫొటోలోనూ పిసరంత వెండి ఉంది. వెండి గిన్నె నల్లబడినట్టే అదీ గాలి తగిలి మారుతుంది. ముదురు నలుపు ఉన్నచోట ఏటవాలుగా చూస్తే నీలంగా అద్దంలా మెరిసేది అదే. ప్రింటు వేసినప్పుడు హైపోని సరిగ్గా కడగకపోతే కొన్నేళ్లకి పసుపు పచ్చగా మారి బొమ్మ వెలిసిపోతుంది. తేమకి జెలటిన్ ఉబ్బి ఫ్రేము అద్దానికి అతుక్కుంటుంది. అలా అతుక్కున్నదాన్ని లాగితే ముఖం అద్దంతోనే పోతుంది. అందుకే లాగకూడదు. అద్దంతో సహా తెలిసినవాళ్లకి చూపించాలి. అది కుదరకపోతే అద్దం మీదుగానే ఇంకో ఫొటో తీసి ఉంచుకోవాలి.

మ్యూజియంలు ఇలాంటి వాటిని చల్లగా, చీకటిగా, గాలిలో తేమ 30 నుంచి 50 శాతం లోపు ఉండేలా దాస్తాయి. మన కోస్తా ఊళ్లలో వానాకాలం అది సాధ్యం కాదు. అయినా చేయగలిగింది చాలా ఉంది. ఎండ పడే గోడకీ, వంటింటి గోడకీ ఫొటో తగిలించకూడదు. జిగురు పేజీల ఆల్బమ్‌లోంచీ, మెత్తటి ప్లాస్టిక్ కవర్లలోంచీ తీసేయాలి. ఆమ్లం లేని కాగితంలో చుట్టాలి. చిరిగినచోట సెల్లోటేపు వేయకూడదు. లామినేషన్ అసలే వద్దు. బొమ్మ మీద వేలు పెట్టకుండా అంచులు పట్టుకోవాలి. అటక మీదా కాకుండా, నేలమీదా కాకుండా బీరువా మధ్య అరలో పెట్టాలి. స్కాన్ చేసి పెట్టుకోవడం మంచిదే. కానీ స్కాన్ ఉంది కదా అని అసలుది పారేయకూడదు. కాగితం వెనక ఏముందో స్కానులో రాదు.

వెనక ఏముంది అన్నదే చివరికి అసలు ప్రశ్న. ఎవెడాన్ ప్రింటు వెనక సంతకం, స్టాంపు ఉన్నాయి. మనవాటి వెనక ఏముంది? మన హైదరాబాదులోనే 1892లో రాజా దీన్‌దయాళ్ స్త్రీల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచాడు. పరదా పాటించే స్త్రీలు లోపలికి వచ్చి, తమకి నచ్చినట్టు అలంకరించుకుని, పరాయి మగవాడి కంట పడకుండా ఫొటో తీయించుకునే ఏర్పాటు. కెమెరా వెనకా స్త్రీయే. దాన్ని నడిపిన ఇంగ్లీషు ఆమె పేరు మనకి మిసెస్ కెన్నీ-లెవిక్‌గానే అందింది. అంటే భర్త ఇంటిపేరు అందింది. ఆ రోజుల్లో ఫొటోగ్రఫీ చేసి, ఒక స్టూడియోని నడిపిన స్త్రీని చరిత్ర ఫలానావారి భార్యగా గుర్తుపెట్టుకుంది.

ఆ లెక్కన చూస్తే డోవీమా అదృష్టవంతురాలేమో. ఫ్యాషన్ ఫొటోల్లో నిలబడ్డ వందలమందికి ఆ కాలంలో పేరే లేదు. గౌను పేరుండేది, ఫొటోగ్రాఫర్ పేరుండేది. ఆమె మాత్రం తన పేరు తనే పెట్టుకుని, ఆ పేరుతోనే పిలవమంది. ఫొటో ధరలో ఆమెకి వాటా రాలేదు. కానీ ఆ పేరు పట్టుకునే మనం ఆ మంచం దాకా, ఆ పిజ్జా హోటల్ దాకా వెళ్లగలిగాం. పేరు లేకపోతే ఏనుగుల మధ్య ఒక నల్ల గౌను మిగిలేది.

మా అమ్మ ఫొటోని ఫ్రేములోంచి తీశాను. వెనక మెత్తటి పెన్సిలుతో, నొక్కకుండా, అంచున అమ్మ పేరు రాశాను. పుట్టింటి పేరుతో కలిపి. గడియారం అరువుదని కూడా రాశాను. పెన్ను వాడకూడదు, సిరా ఇటువైపు దిగుతుంది. రెండో అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. అమ్మ బతికుండగా ఇరవైసార్లన్నా ఆ పెట్టె తెరిచి ఉంటాను. చీరలు చూశాను. ఒక్కసారి ఆ తువ్వాలు విప్పి, "పక్కన ఎవరమ్మా?" అని అడగలేదు.

మీ ఇళ్లలోనూ ఇలాంటి ఫొటోలుంటాయి. చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇంకా ఉంటే ఈ ఆదివారమే కూర్చోబెట్టి అడగండి. మంచి పెట్టె, మంచి కాగితం తర్వాతైనా కొనొచ్చు. అమ్మ పక్కన నేను ఒక ఖాళీ వదిలి, 'స్నేహితురాలు కావచ్చు' అని మాత్రం రాశాను.